బావతో ఆఖరి అక్టోబరు

గురువారం సాయంత్రం దివాకర్ ఆఫీసు నుంచి వచ్చి, మెట్ల దగ్గర కూర్చుని షూ విప్పుకుంటూ ఉండగా వాళ్లక్క ఫోన్ చేసింది.

“రేపు ఎక్కడికిరా వెళ్తున్నావ్?” అంది గీతాంజలి. బాగున్నావా అని కూడా అడగలేదు.

“చెప్పాను కదక్కా, మా టీమ్ వాళ్లతో అప్‌స్టేట్‌కి. ఆదివారానికల్లా వచ్చేస్తాం.”

“ఆ టీములో మీ బావ కూడా ఉన్నాడా?”

దివాకర్ చేతిలో షూ చేతిలోనే ఉండిపోయింది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు గానీ, వారం రోజులుగా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ పనితో నిద్రలేక, ఆ ఏదో ఒకటి అల్లే ఓపిక కూడా అతనికి లేదు.

“ఎవరు చెప్పారు?” అన్నాడు.

“తార. మొన్న వాళ్ల నాన్న ఫోన్‌లో ఫోటోలు చూసిందట. నువ్వూ ఆయనా, మధ్యలో ఇంత చేప. ‘మామయ్య ఎవ్రీ ఇయర్ వెల్తాడు కదా మమ్మీ, నీకు తెలీదా?’ అంది. నాకెందుకు తెలీదూ, తెలుసు అన్నాను. పిల్ల ముందు అంతకన్నా ఏం అనను?”

గీతాంజలికీ వీరాంజనేయులుకీ విడాకులై మూడేళ్లు దాటింది. అక్క ఎడిసన్‌లో పాత ఇంట్లోనే ఉంది. బావ పిస్కాటవేలో లిఫ్టు లేని ఒక అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఉంటున్నాడు. కూతురు తార కాలేజీలో చదువుతూ సెలవులు ఇద్దరికీ పంచుతోంది. దివాకర్ మాత్రం విడాకులకు ముందు పదేళ్లు వెళ్లినట్టే, తర్వాత కూడా ప్రతి అక్టోబరులో మూడో శనివారం బావతో కలిసి అప్‌స్టేట్‌లో సాల్మన్ నదికి చేపలు పట్టడానికి వెళ్తూనే ఉన్నాడు. రష్మికి, అంటే అతని భార్యకి, ఈ సంగతి తెలుసు. వదినకి నేను చెప్పను, నువ్వే ఎప్పుడో చెప్పుకో అని ఊరుకుంది.

“తప్పేనక్కా,” అన్నాడు దివాకర్.

“వెళ్లడం తప్పు అనట్లేదు. మీరిద్దరూ అక్కడ ఒడ్డున కూర్చుని నా గురించి మాట్లాడుకుంటూ ఉంటారంటే మాత్రం నా వల్ల కావట్లేదురా. నిన్నటి నుంచీ అదే ఆలోచన. ఏమనుకుంటారు నా గురించి?”

“ఏమీ అనుకోం. నీ మాటే రాదక్కా మా మధ్య.”

“ఒక్కసారి కూడానా?”

“ఒట్టు. చేపల గురించే. వాతావరణం, నీళ్లు, అంతే.”

అక్కకి ఇది ఊరటగా ఉంటుందనుకున్నాడు దివాకర్. ఆమె గొంతు చూస్తే అలా లేదు.

“మూడేళ్లు. ఒక్కసారి కూడా,” అంది. తర్వాత, “సరే. ఈసారి వెళ్లు. ఇదే ఆఖరని నువ్వే చెప్పు ఆయనకి,” అని పెట్టేసింది.

*

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి దివాకర్ కారు ఆపేసరికి బావ అపార్ట్‌మెంట్ కిందే నిలబడి ఉన్నాడు. పక్కన రెండు ఫిషింగ్ రాడ్లు, వల, ఒక బకెట్, ఐసుపెట్టె. యాభై మూడేళ్ల మనిషి. ఈ ఏడాదిలో బాగా నెరిశాడు. సామాను డిక్కీలో పెట్టి ముందు సీట్లో మొదట వెనక్కి కూలబడి, ఆ తర్వాత రెండు చేతులతో కుడికాలు ఎత్తి లోపల పెట్టుకున్నాడు.

“మోకాలా బావా?”

“ఆఁ. రెండోది కూడా అదే దారిలో ఉంది.”

బావ అని పిలవడం మానడానికి దివాకర్ ఒకసారి ప్రయత్నించాడు. విడాకుల కాయితాలు వచ్చిన కొత్తల్లో ఫోన్ చేసి “వీరాంజనేయులు గారూ” అన్నాడు. అవతల నుంచి పెద్ద నవ్వు వినిపించింది. “నన్ను అలా పిలిచిన ఒకే ఒక్క మనిషి మా హెడ్మాస్టరు. ఆయన పిలిచాక తన్నేవాడు. బావా అనే అను, డబ్బులేం కట్టక్కర్లేదు,” అన్నాడు బావ. అంతటితో ఆ గొడవ తీరిపోయింది.

పదహారేళ్ల కిందట దివాకర్ కొత్తగా ఈ దేశం వచ్చినప్పుడు ఎనిమిది నెలలు వాళ్ల బేస్‌మెంట్‌లోనే ఉన్నాడు. ఇంటర్వ్యూలకి బావే తిప్పాడు, బావే డ్రైవింగ్ నేర్పాడు. కొన్నేళ్లకి ఒక అక్టోబరులో “పద, ఒక ఊరు చూపిస్తా. పేరే పులసతో మొదలవుతుంది,” అని సాల్మన్ నది పక్కనున్న పులాస్కీ తీసుకెళ్లాడు. బావది నరసాపురం వైపు. గోదావరి మనిషికి చేపంటే ఉండే ప్రాణం సంగతి దివాకర్‌కి అప్పటిదాకా తెలియదు. అనంతపురంలో పెరిగిన తనకి నది అంటే వంతెన కింద ఇసుక.

నాలుగున్నర గంటల దారి. స్క్రాంటన్ దాటేలోపు చెప్పెయ్యాలనుకున్నాడు దివాకర్. స్క్రాంటన్ దగ్గర రోడ్డు పని జరుగుతూ ట్రాఫిక్ ఆగిపోయింది, అక్కడ చెబితే ముప్పావు గంట ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా కూర్చోవాల్సి వస్తుందనిపించింది. కాస్త రోడ్డు తెరుచుకున్నాక చూస్తే బావ నిద్రపోతున్నాడు, నోరు తెరుచుకుని. బింగమ్‌టన్ దాటాక లేచి, “ఈసారి నీళ్లు ఎక్కువ వదులుతున్నారట డ్యామ్ నుంచి. కింగ్ సాల్మన్ చేపల పని అయిపోయింది, స్టీల్‌హెడ్ మొదలయ్యాయి అంటున్నారు,” అన్నాడు. దివాకర్ ఊఁ కొట్టాడు. సిరక్యూజ్ దగ్గర కాఫీ తాగారు. కొండల మీద ఆకులు ఎర్రబడి రాలిపోతున్నాయి. పులాస్కీలో ఎప్పుడూ దిగే మోటెల్‌లోనే దిగి, రష్మి కట్టిచ్చిన పులిహోర తిని, ఎనిమిదింటికే పడుకున్నారు. చెప్పవలసిన మాట అలాగే ఉండిపోయింది.

*

పొద్దున ఆరున్నరకి నది ఒడ్డున ఆల్ట్‌మార్ దగ్గర కారు ఆపారు. అప్పటికే పార్కింగ్ నిండిపోయింది. నీళ్లు లోపలికి రాకుండా ఛాతీదాకా వచ్చే వేడర్లు తొడుక్కుని, నడుముకి బెల్టు బిగించుకుని, చెట్ల మధ్య బాట వెంట దిగుతుంటేనే కుళ్లు వాసన ముక్కుకి కొట్టింది. అది ఆ నెలలో ఆ నదికి ఉండే వాసనే. సాల్మన్లు సరస్సు నుంచి ఏటిలోకి ఎక్కాక తిండి ముట్టవు. గుడ్లు పెట్టి, ఒళ్లంతా తెల్ల మచ్చలు పడి, తోకలు అరిగి, అక్కడే చచ్చి ఒడ్డుకి కొట్టుకొస్తాయి. వాటి గుడ్ల కోసం వెనకాలే స్టీల్‌హెడ్‌లనే ఇంకో జాతి చేపలు వస్తాయి. వాటి కోసం మనుషులు.

నీళ్లు నిజంగానే ఎక్కువగా ఉన్నాయి. ఈ గట్టు నుంచీ ఆ గట్టు నుంచీ మనుషులు భుజం భుజం రాసుకుంటూ నిలబడ్డారు. బావ ఎప్పుడూ నిలబడే చోట ఒక అమెరికన్ ముసలాయన ఉన్నాడు, ఎర్ర టోపీ. బావని గుర్తుపట్టి అరడుగు జరిగి చోటిచ్చాడు. దివాకర్ బావకి కింది వైపున నిలబడ్డాడు. గాలానికి పింక్ జాలీలో కట్టిన చేపగుడ్ల మూట గుచ్చి, పైన బెండు సరిచేసుకుని, విసిరి, అది కొట్టుకుపోయేదాకా చూసి, మళ్లీ లాగి, మళ్లీ విసిరి. గంటంబావు అదే పని. భుజం నొప్పెట్టింది. ఏళ్ల కిందట ఈ పని చేస్తుంటే ఒళ్లు తేలికపడేది. ఇప్పుడు ఇది కూడా ఒక షిఫ్టులా ఉంది.

ఎనిమిది దాటాక బావ రాడ్ వంగింది.

“పెద్దది!” అని అరిచాడు బావ. చుట్టుపక్కల వాళ్లంతా మర్యాదగా గాలాలు పైకి తీసేశారు. చేప కిందకి పరుగెత్తింది. రీలు గిర్రున తిరిగింది. బావ దాని వెంట ఒక్కొక్క అడుగే వేస్తూ దివాకర్‌ని దాటి కిందికి దిగాడు. పావుగంట గడిచింది, ఇరవై నిమిషాలయింది. బావ మొహం ఎర్రబడి, ఊపిరి గుర్రుగుర్రుమంటోంది.

“నాకివ్వు బావా కాసేపు.”

“వద్దు, వచ్చేసింది, వల తే.”

దివాకర్ వల పట్టుకుని వెళ్లేసరికి చేప నీటి పైకి తేలింది. పాతిక పౌన్లుంటుంది, నల్లబడిపోయిన కింగ్ సాల్మన్. గాలం దాని నోట్లో లేదు. తోక మొదట్లో గుచ్చుకుని ఉంది. నోట్లో కాకుండా ఇంకెక్కడ గుచ్చుకున్నా చేపని వెంటనే వదిలెయ్యాలి, అక్కడి రూలు. ఇంతసేపూ అది పోట్లాడినట్టు కాదు. పారిపోతుంటే వీళ్లు తోక పట్టుకుని వెనక్కి లాగినట్టు.

“ఓరి నీ...” అన్నాడు బావ. తర్వాత నవ్వాడు, ఓపిక లేని నవ్వు. వంగి పట్టకారుతో గాలం ఊడదీశాడు. చేప కదల్లేదు. కాసేపు అతని కాళ్ల దగ్గరే నిలిచి, తర్వాత పక్కకి ఒరిగి ప్రవాహంలో కలిసిపోయింది. బావ నిటారుగా నిలబడబోయాడు. కుడి మోకాలు మడత పడింది. కింద పాచి పట్టిన రాళ్లు. దివాకర్ చూస్తుండగానే వెల్లకిలా పడిపోయాడు.

పడటం నడుములోతు నీళ్లలోనే గానీ ప్రవాహం లాక్కుపోయింది. దివాకర్ వల పారేసి అతని చెయ్యి అందుకున్నాడు, తడి చెయ్యి జారిపోయింది. మళ్లీ అందుకున్నాడు. ఈసారి వేడర్ల పట్టీ దొరికింది, అయినా తన కాళ్లు కూడా జారుతున్నాయి. ఎర్ర టోపీ ముసలాయన ఎప్పుడు వచ్చాడో, రెండో వైపు నుంచి బావ కాలరు పట్టుకుని లాగాడు. ఇద్దరూ కలిసి ఈడ్చుకుంటూ ఒడ్డున పడేశారు. బావ దగ్గి దగ్గి నీళ్లు కక్కాడు. పడిలేచిన మనిషి ముందు టోపీ ఆయనకి థాంక్స్ చెప్పి, తర్వాత తన రాడ్ ఏదని అడిగాడు. రాడ్ పోయింది.

*

కారులో హీటర్ పూర్తిగా పెట్టి, బావ తడిబట్టలన్నీ విప్పించి, తన స్వెటర్ తొడిగించి, మీద దుప్పటి కప్పాడు దివాకర్. బావ పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. పెదాలు నీలంగా ఉన్నాయి. ఫ్లాస్కులో టీ రెండు మూతలు తాగాక కాస్త రంగొచ్చింది.

“హాస్పిటల్‌కి వెళ్దామా?”

“చలికి హాస్పిటల్ ఏంట్రా. కాసేపు ఇలా ఉండనీ.”

అద్దాలకి ఆవిరి పట్టింది. బయట జనం వస్తున్నారు, పోతున్నారు. ఇక చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేననిపించింది దివాకర్‌కి.

“బావా, అక్కకి తెలిసిపోయింది మనం వస్తున్నట్టు. ఇదే ఆఖరుసారి అని నీకు చెప్పమంది.”

బావ కప్పు మూతలోకి చూస్తూ ఉన్నాడు. “ఊఁ,” అన్నాడు. కాసేపటికి, “ఇంకేమన్నా అడిగిందా?” అన్నాడు.

“తన గురించి ఏం మాట్లాడుకుంటామని అడిగింది. ఏమీ మాట్లాడుకోం, నీ మాటే రాదు అన్నాను.”

బావ తల తిప్పి అతని వైపు చూశాడు. “అలా ఎందుకన్నావురా? ఏదో ఒకటి చెప్పాల్సింది. తిట్టుకుంటామని చెప్పినా బాగుండేది.”

“నిజమే కదా బావా.”

“నిజమేలే,” అన్నాడు బావ. “అందుకే అంటున్నా.”

దివాకర్ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. అయిదేళ్ల కిందటి అక్టోబరు గురించి ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఆ శనివారం కూడా ఇక్కడే, ఈ ఏట్లోనే ఉన్నారు ఇద్దరూ. ఇంట్లో గీతాంజలికి కడుపులో నొప్పి మొదలైంది. తార స్కూలు బ్యాండుతో ఎక్కడికో వెళ్లింది. భర్తకి పద్నాలుగు సార్లు, తమ్ముడికి తొమ్మిది సార్లు ఫోన్ చేసి, ఎవరూ ఎత్తక, తనే కారు నడుపుకుంటూ హాస్పిటల్‌కి వెళ్లి పార్కింగ్‌లో దిగలేక హారన్ మీద చెయ్యి పెట్టి ఉంచేసింది. లోపల్నుంచి ఎవరో పరుగెత్తుకొచ్చి తీసుకెళ్లారు. అపెండిక్స్ పగిలిపోయింది. వీళ్లు రాత్రికి చేరుకునేసరికి ఆపరేషన్ అయిపోయింది. ఆర్నెల్లకి ఆమె విడిపోదామంది.

“ఆరోజు సిగ్నల్ లేదని చెప్పావు నువ్వు అక్కకి,” అన్నాడు దివాకర్.

“ఇప్పుడెందుకది?”

“నీ ఫోన్ కారులో ఉంది. నాది నా జేబులోనే ఉంది బావా. గుండెల మీద బుర్రుబుర్రుమంటూనే ఉంది. ఏంట్రా ఫోనా అని నువ్వు అడిగావు. ఆఫీసు, వదిలెయ్ అన్నాను. తీసి చూడలేదు. ఆ వారం ప్రొడక్షన్ సపోర్ట్ డ్యూటీ నాది, ఏది ఆగిపోయినా నాకే చేస్తారు. వాళ్లే అనుకున్నా.”

“తెలుసుగా. పక్కనే ఉన్నాగా.”

“మరి ‘ఇంకాసేపు ఉందామన్నది నేనే, సిగ్నల్ లేదు’ అని అక్కకి నువ్వెందుకు చెప్పావు? నన్ను క్షమించేసింది, నిన్ను వదిలేసింది. తప్పు నాది.”

బావ దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. “అప్పుడు మీ అక్క మత్తులో ఉందిరా. కళ్లు తెరిచి ఎవరో ఒకరి మీద కోప్పడాలి. నా మీదైతే అలవాటే కదా అనుకున్నా. అంతకుమించి ఆలోచించలేదు.”

“ఇప్పుడు చెప్పేస్తాను.”

“చెబితే దానికేమొస్తుంది? నీకు తేలిక, అంతే.”

“తేలికవ్వనీ. మోయలేకపోతున్నాను బావా,” అన్నాడు దివాకర్. బావ కళ్లు మూసుకున్నాడు.

దివాకర్ కారు దిగి, పార్కింగ్ చివర చెత్తడబ్బాల దగ్గర నిలబడి అక్కకి ఫోన్ చేశాడు. ఆమె రెండో రింగుకే ఎత్తింది. అతను ఆగకుండా, ఎక్కడ ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనో అన్నట్టు, మొత్తం చెప్పేశాడు. ఫోన్ జేబులో ఉండటం, మోగుతుంటే చూడకపోవడం, బావ తన మీద వేసుకోవడం.

గీతాంజలి విన్నది. విని, “అంటే ఇన్నాళ్లూ నువ్వు ఆ ఫోన్ వల్ల మేం విడిపోయాం అనుకుంటున్నావా?” అంది.

“కాదా?”

“ఒక్క ఫోన్‌కి ఎవరైనా ఇరవై ఏళ్లు తెంచుకుంటారురా? హాస్పిటల్ నుంచి వచ్చాక మీ బావ పది రోజులు సెలవు పెట్టాడు. వంట చేశాడు, మందులిచ్చాడు, తల దువ్వాడు. వంక పెట్టడానికి లేదు. ఆ పది రోజుల్లో మందు వేసుకో, అన్నం తిను అన్న మాటలు తప్ప ఒక్క మాట లేదు మా మధ్య. నేను పడుకుని లెక్కేసుకున్నా, ఎప్పటి నుంచి ఇలా అని. ఎప్పటి నుంచో గుర్తు కూడా రాలేదు. ఆయన చెడ్డవాడు కాదు. నాకు అలుపొచ్చింది, అంతే.”

దివాకర్ అయిదేళ్లు మోసిన బరువు దింపుదామని వస్తే, అది మోయమని ఎవరూ చెప్పలేదని తేలింది.

“కానీ,” అంది గీతాంజలి, ఈసారి గొంతు మారింది, “తొమ్మిది సార్లు చేశాన్రా నీకు. మీ బావ ఎత్తడని నాకు తెలుసు. నువ్వు ఎత్తుతావనుకున్నా. సిగ్నల్ లేదు పాపం అనుకుని ఊరుకున్నా. జేబులోనే ఉందా?”

“అక్కా...”

“నాలుగు రోజులు ఫోన్ చెయ్యకు నాకు. ఏమైనా అనేస్తానని భయంగా ఉంది.”

“సరే అక్కా.”

పెట్టేస్తుందనుకున్నాడు. పెట్టలేదు. “ఎలా ఉన్నాడు?” అంది.

“ఇందాక నీళ్లలో పడ్డాడు. మోకాలు బాలేదు. ఇప్పుడు ఫరవాలేదు.”

“బట్టలు మార్చుకున్నాడా?”

“మార్పించాను.”

“ఊఁ,” అని పెట్టేసింది.

*

అతను తిరిగొచ్చేసరికి బావ ప్యాంటు వేసుకుని, బూట్లు కట్టుకుంటున్నాడు.

“ఎక్కడికి?”

“ఒడ్డున కూర్చుంటా. ఇంతదూరం వచ్చాం కదా. నువ్వు ఇంకాసేపు వేసి రా, మధ్యాహ్నం బయల్దేరదాం.”

దివాకర్‌కి నీళ్లలో దిగాలని అణుమాత్రం లేదు. కానీ కారులో అలా మొహమొహాలు చూసుకుంటూ కూర్చోవడం కన్నా అదే నయమనిపించింది. బావ బకెట్ బోర్లించుకుని ఒడ్డున కూర్చున్నాడు. కింద మలుపు దగ్గర, జనం పలచగా ఉన్న చోట, చెట్టు కూలి నీళ్లు నెమ్మదించిన పక్కన దివాకర్ మోకాలిలోతులో నిలబడి గాలం వేశాడు. మనసు అక్కడ లేదు. బెండు మునిగింది కూడా అతను గమనించలేదు. బావ వెనక నుంచి “లాగరా!” అని కేకేస్తే లాగాడు.

అది స్టీల్‌హెడ్. గాలం తగలగానే నీళ్లలోంచి మనిషెత్తు ఎగిరింది. ఎండలో వెండిలా మెరిసి, ఒక్క క్షణం గాల్లో నిలబడినట్టుండి, మళ్లీ పడింది. రెండోసారి ఎగిరింది, మూడోసారి కూలిన చెట్టు వైపు లాగింది. దివాకర్ రాడ్ పక్కకి వంచి ఆపాడు. పది నిమిషాల్లో దాన్ని ఒడ్డు పక్కకి తెచ్చాడు. బావ ఒంటికాలి మీద కుంటుతూ వచ్చి, తమ వల ఏటిలో పోయింది గనక చేతులతోనే తోక దగ్గర పట్టుకున్నాడు. పది పౌన్లు ఉంటుంది. పక్కల సన్నని గులాబి చార, నోటి మూలలో గాలం, సరిగ్గా. ఉంచుకోవచ్చు.

ఇద్దరూ దాని వైపు చూశారు.

“ఏం చేద్దాం?” అన్నాడు దివాకర్.

“నువ్వు పట్టావు, నీ ఇష్టం.” బావ కాసేపు ఆలోచించాడు. “ఇంటికెళ్లి ఎవరు కోస్తార్రా దీన్ని?”

“నా వల్ల కాదు.”

“నా వల్లా కాదు.”

గాలం తీసేశారు. బావ దాని మూతి ప్రవాహానికి ఎదురుగా పెట్టి పట్టుకున్నాడు. నాలుగైదు సార్లు మొప్పలాడించి, చేతిలోంచి జారి వెళ్లిపోయింది.

*

పన్నెండున్నరకి బయల్దేరారు. సిరక్యూజ్ దాటేదాకా బావ నిద్రపోయాడు. లేచాక తనంతట తనే చెప్పాడు. ఆగస్టులో కాంట్రాక్టు పోయిందని, నవంబరు నుంచి ఎక్కడో దూరాన ఒమాహాలో ఏడాది పని దొరికిందని, ఈ వయసులో అడిగిన చోటికల్లా వెళ్లక తప్పదని.

“నాకు చెప్పలేదేం బావా?”

“నిన్న చెబుదామనుకున్నా దారిలో. స్క్రాంటన్ దగ్గర ట్రాఫిక్కు, ఇంక ఎందుకులే అని కళ్లు మూసుకున్నా.”

దివాకర్ అతని వైపు చూశాడు. అంటే నిన్న బావ నిద్రపోలేదన్నమాట.

“అయితే ఎలాగూ ఇదే ఆఖరా?”

“ఎలాగూ. ఈ మోకాళ్లతో ఇంక నీళ్లలో దిగను. మీ అక్కకి చెప్పు, ఆమె ఆపినందుకు కాదు, నేనే ఆగిపోయానని. బాధపడుతుంది లేకపోతే.” కాసేపాగి, “చెప్పేశావా ఆ సంగతి?” అన్నాడు.

“చెప్పాను. విడిపోయింది అందుకు కాదంది.”

“అందుకు కాదులే. నాకూ తెలుసు.”

“నాలుగు రోజులు ఫోన్ చెయ్యొద్దంది.”

“నాలుగు రోజులేగా,” అన్నాడు బావ, కిటికీ బయటికి చూస్తూ.

పిస్కాటవే చేరేసరికి ఆరయింది. దివాకర్ ఐసుపెట్టె, బకెట్, తడిబట్టల సంచీ మోసుకుంటూ ముందు ఎక్కాడు. బావ కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ రెండు కాళ్లతో ఎక్కుతూ వెనక వచ్చాడు. రెండో అంతస్తులో ఆగి ఊపిరి తీసుకున్నారు. ఇంట్లో అప్పుడే సగం సామాను పెట్టెల్లోకి సర్ది ఉంది.

“వస్తాను బావా.”

“అన్నం తిని వెళ్లు. అయిదు నిమిషాలు.”

ఉండనన్నా వినడని తెలుసు. కుక్కర్ పెట్టి, నిన్నటి దోసకాయ పప్పు వేడిచేసి, మైక్రోవేవ్‌లో అప్పడాలు కాల్చాడు బావ. డైనింగ్ టేబుల్ మీద కూడా పెట్టెలే, అందుకని కింద కూర్చోలేని బావ కుర్చీలో, దివాకర్ చాప మీద. ఇద్దరికీ ఎంత ఆకలిగా ఉందో మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా తెలియలేదు.

సగం తిన్నాక బావ, కంచంలోకి చూస్తూనే, “మీ అక్క ఎలా ఉందిరా?” అన్నాడు.

మూడేళ్లలో మొదటిసారి. దివాకర్ నోట్లో ముద్ద మింగాడు.

“బానే ఉంది. షుగర్ కొంచెం బోర్డర్‌లో ఉందట. పొద్దున్నే వాకింగ్. ఈత నేర్చుకుంటోంది.”

“ఈతా? అదా?” బావ చెయ్యి ఆగిపోయింది. “బాత్‌టబ్‌లో నీళ్లు నిండితేనే భయపడేది కదా.”

“జిమ్‌లో పూల్ ఉంది. మంగళ, గురువారాలు. తొలిరోజు మెట్టు దిగకుండా గంట కూర్చుని వచ్చేసిందట. రష్మి చెప్పింది. ఇప్పుడు ఒక చివర నుంచి ఇంకో చివరకి వెళ్తోంది.”

“మధ్యలో ఆగకుండానా?”

“మధ్యలో ఒకసారి ఆగి.”

బావ తలూపాడు. ఇంకొంచెం అన్నం పెట్టుకుని, దివాకర్ కంచంలో కూడా వేశాడు. తర్వాత వరసగా అడిగాడు. ఉద్యోగం ఇంకా ఆ పాత ఆఫీసులోనేనా, ఇంటి వెనక పైపు కారేది బాగుచేయించిందా, తలనొప్పులు తగ్గాయా, ఇప్పుడు ఎవరైనా స్నేహితురాళ్లున్నారా సాయంత్రాలు కబుర్లు చెప్పుకోడానికి. దివాకర్‌కి తెలిసినవి చెప్పాడు, తెలియనివి తెలియదన్నాడు. తెలియనివే ఎక్కువ ఉన్నాయి. పప్పు చల్లారిపోయింది.

ఏడున్నరకి లేచి చెయ్యి కడుక్కున్నాడు.

“జాగ్రత్తగా వెళ్లు, నిద్రొస్తే ఆపెయ్,” అన్నాడు బావ గుమ్మంలో నిలబడి. ఇల్లు పది నిమిషాల దూరమే. దివాకర్ సరేనని మెట్లు దిగాడు.